చెప్పింది చెప్పినట్టు

గంట టైము ఎక్కువ ఇప్పించడానికి నేను ఐదు నెలలు తిరిగాను. నా బిడ్డ ఆ గంటలో ఒక్క నిమిషం కూడా వాడుకోకుండా బయటికి వచ్చేసింది.

శుక్రవారం, పదో తరగతి పరీక్షల మొదటి రోజు, తెలుగు పేపరు. శంషాబాద్‌లో పరీక్ష జరుగుతున్న బడి గేటు బయట స్కూటీ మీద కూర్చుని ఉన్నాను. పన్నెండున్నరకు బెల్లు కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చారు. మా మనీషా ఒకటిన్నర దాకా రాదు కదా అని తాపీగా నీళ్ల సీసా ఎత్తి తాగుతున్నాను. సీసా దించేసరికి ఎదురుగా అదే నిలబడి ఉంది. నీళ్లు గొంతుకు అడ్డం పడ్డాయి.

"గప్పుడే వచ్చినవేందే? నీకింక గంట ఉండె గదా!"

"అయిపోయింది," అంది. అంతే. స్కూటీ వెనక ఎక్కి కూర్చుంది.

దాని వెనకాలే అల్ఫియా వచ్చింది. అల్ఫియా తొమ్మిదో తరగతి, మా మామిడిపల్లిలోనే రెండు గల్లీల అవతల ఉంటారు. మనీషా నోటితో జవాబులు చెబుతుంటే పేపరు మీద రాసిపెట్టడానికి ఇచ్చిన స్క్రైబ్. ఒక తరగతి కిందివాళ్లే రాయాలన్నది రూలు. ఆ తరగతికంతా ఫస్టు ఈ పిల్లే. రంజాన్ ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి గాని ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఆంటీ, ఒక్క ప్రశ్న గూడ ఇడిసిపెట్టలే. అన్నీ రాసేసిన. పది నిమిషాలు మిగిలితె కింద గీతలు గూడ కొట్టిన."

ఇక నా సంబరం చూడాలి. ఆ పిల్ల తల నిమిరి, ఇఫ్తార్‌కని తెచ్చిన ఖర్జూరాల డబ్బా చేతిలో పెట్టాను. గంట మిగిల్చారంటే పేపరు ఎంత బాగా రాసి ఉంటారో అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఆ గంట ఎలా వచ్చిందో చెప్పాలి. మనీషాకు అక్షరాలు నిలవవు. చూసిన పదమే పక్క లైనులో వస్తే మళ్లీ కొత్తగా చూస్తుంది. చిన్నప్పటి నుంచి బడిలో మొద్దు అన్నారు, బద్ధకం అన్నారు. నేను అంతకన్నా ఎక్కువే అన్నాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. పోయిన ఏడాది దవాఖానలో ఒక డాక్టరు రెండు పూటలు దాన్ని కూర్చోబెట్టి ఏవేవో పరీక్షలు చేసి, "దీన్ని డిస్లెక్సియా అంటారమ్మా. పిల్ల తెలివికి ఏ లోటూ లేదు. చదవడం, రాయడం దగ్గరే ఇబ్బంది" అన్నాడు. పదేళ్ల పాటు తిట్టింది బద్ధకాన్ని కాదని అప్పుడు తెలిసింది. ఆ పాపం కడుక్కోవాలన్నట్టు సర్టిఫికెట్టు కోసం ఒక ఆఫీసు, సంతకం కోసం ఇంకో ఆఫీసు, చెప్పులరిగేలా తిరిగాను. స్క్రైబ్ వచ్చింది, గంట వచ్చింది, హిందీ పరీక్ష రాయనక్కర్లేదని కాగితం వచ్చింది. ఇంటి దగ్గర పాఠాలన్నీ నేను చదివి ఫోన్లో రికార్డు చేస్తే అది చెవులకు పెట్టుకుని వినేది.

స్కూటీ ఎయిర్‌పోర్ట్ గోడ వెంబడి పోతోంది. ఉషారుగా అడిగాను.

"ఏమేం అడిగిన్రు బిడ్డా?"

"ఏమో."

"ఏమో ఏంది? పేపర్ల ఏమొచ్చింది?"

"నాకేం తెలుసు? నాకు చదివి వినిపియ్యలే. నేను చెప్పలే. అల్ఫియానే చదువుకున్నది, అల్ఫియానే రాసింది. గోడ మీద బల్లి ఉండె. నేను దాన్ని జూసుకుంట కూసున్న."

బ్రేకు వేశాను. వెనక వస్తున్న ఆటోవాడు పక్కకు తిప్పి, నన్నూ నా డ్రైవింగునూ కలిపి తిట్టి వెళ్లిపోయాడు. స్కూటీ పక్కకు తీసి దిగాను.

"మూడు గంటలూనా?"

"మూడు గంటలు."

"నువ్వు నోరు తెరవలేదానే?"

"రెండు సార్లు తెరిచిన. ఆగు అక్కా, ఇది గానియ్యి అన్నది. రూముల కాపలా ఉన్న మేడమ్ గూడ సప్పుడు జెయ్యకు అన్నది."

"మరి నీకు వచ్చునా గవన్ని?" అని అడిగాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. రికార్డు చేసి ఇచ్చినదాన్ని నేనే, అది విన్నదో లేదో ఒక్క రోజైనా చెప్పించుకుని చూడలేదు.

అప్పుడు మొదలుపెట్టింది. రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో. ఒక్కో పాఠం తీసుకుని ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పుకుంటూ పోయింది. నేను రికార్డు చేసేటప్పుడు మధ్యలో దగ్గిన చోటు కూడా చెప్పింది. తర్వాత, "మన ఊరు ఎట్ల మారిందో రాయమంటరని అనుకున్న. మంచిగ తయారు జేసుకున్న," అంటూ ఒక వ్యాసం చెప్పింది. మా మామ కుర్మయ్య జొన్న వేసిన చోట ఇప్పుడు రన్‌వే దీపాలున్నాయని, విమానం వాలిన ప్రతిసారీ ముసలాయన తన చేను ఎటువైపు ఉండేదో వేలితో చూపించేవాడని, చనిపోయే ముందు వారం కూడా చూపించాడని. మధ్యలో నెత్తి మీదుగా విమానం వెళ్లింది. చప్పుడు పోయేదాకా ఆగి, ఆపిన మాట దగ్గరే అందుకుంది.

ఇది నా కడుపున పుట్టిన పిల్లేనా? పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో తిని పడుకుంటున్నాం, ఇన్ని మాటలు దాని దగ్గర ఉన్నాయని నాకు తెలియదు. ఇవన్నీ కడుపులో పెట్టుకుని మూడు గంటలు బల్లిని చూస్తూ కూర్చుంది.

ఆశ్చర్యం కాస్త తగ్గగానే ఒళ్లు మండింది. మనీషాను ఇంటి దగ్గర దింపి నేరుగా అల్ఫియా వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మసర్రత్ పండగ బట్టలు కుడుతోంది. మిషను చప్పుడు కంటే నా గొంతే పైన వినిపించింది.

"ఏం అల్ఫియా, గిదేనా నువ్వు రాసిపెట్టేది? నా బిడ్డ పరీక్ష నువ్వు రాసుకుంటవా? నోరు తెరిస్తె ఆగు అంటవా?"

ఆ పిల్ల బిత్తరపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరే చెప్పిన్రు గదా ఆంటీ."

"నేనా? నేనెప్పుడు చెప్పిన?"

"రంజాన్ మొదలైన దినం. గుడ్డ దెచ్చి ఇచ్చిన్రు. దాన్ని అడుగుకుంట కూసుంటె టైమంత అట్లనే పోతది, నీకొచ్చింది నువ్వు రాసెయ్యి, ఎట్లన్న నా పిల్లను గట్టెక్కియ్యి అన్నరు. మా హెడ్మాస్టర్ సారు గూడ గదే అన్నడు. అందుకే నేను గా దినం సంది టెన్త్ బుక్కులు చదువుతున్న ఆంటీ. అల్లా కసమ్, నా పరీక్షలకు గూడ అంత చదవలే."

అన్నాను. ఆ మాటలే అన్నాను. ఆకుపచ్చ పూల గుడ్డ చేతిలో పెడుతూ, ఆ పిల్ల గడ్డం పట్టుకుని మరీ అన్నాను. అదిగో, మసర్రత్ మిషను మీద సగం కుట్టి ఉన్నది ఆ గుడ్డే.

"నా పిల్ల రోజా ఉండి రాసింది సునీతా," అంది మసర్రత్ మిషను ఆపి. "మంచి నీళ్లు గూడ ముట్టకుండ రాసింది. నువ్వు చెప్పినట్టే చేసింది. తప్పేంది, జర చెప్పు."

పెద్ద నోరు వేసుకుని వెళ్లినదాన్ని పిల్లిలా బయటికొచ్చాను.

ఇంటికొచ్చేసరికి మనీషా గుమ్మంలోనే ఉంది.

"సోమవారం ఇంగ్లీష్. నేనే చెప్త. అల్ఫియాకు చెప్పు."

"నీకు ఇంగ్లీషేడ వస్తదే?" నోరు జారింది.

"వచ్చినంతే చెప్త. ఫెయిలైతె నేనే ఫెయిలైత."

ఫెయిలైతే ఈ పిల్ల ఇక పుస్తకం ముట్టదు, అది నాకు తెలుసు. పదేళ్ల నుంచి అందరూ అన్న మాటే నిజమని తేల్చుకుని మూల కూర్చుంటుంది. అల్ఫియా రాస్తే పాసవడం ఖాయం. ఇది చెబితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

"ఈ ఒక్కపారి ఊకో బిడ్డా. పాసు గానియ్యి. తర్వాత నీ ఇష్టం."

అది నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అంతకుముందు మొద్దు అన్నప్పుడు కూడా అలా చూడలేదు.

శనివారం డ్యూటీకి వెళ్లాను. ఎయిర్‌పోర్ట్‌లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లకు నేను సూపర్‌వైజర్ని. వాళ్లలో సగం మందికి రాయడం రాదు. అందరి సెలవు చీటీలూ నేనే రాస్తాను, అందులో నాది అందెవేసిన చెయ్యి అని పేరు. నాలుగు లైన్లు, నిద్రలో కూడా రాయగలను. జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన. ఎవరొచ్చినా అదే. ఆఫీసువాళ్లు జ్వరమంటే మారుమాట అడగరు.

ఆ రోజు చంద్రమ్మ వచ్చి నిలబడింది. నాకంటే పదేళ్లు పెద్దది. సోమ, మంగళవారాలు సెలవు కావాలంది. ఆమె మాట పూర్తయ్యేలోపే సగం చీటీ రాసేశాను.

"మళ్ల జరమేనా మేడమ్?" అంది మెల్లగా.

"జరమైతె ఎవ్వరడగరు చంద్రమ్మా."

"అడగరు. నువ్వు గూడ అడగలే."

తలెత్తాను. కోపంగా లేదామె. చేతిలోని తుడిచే కర్రకు ఆనుకుని మామూలుగానే మాట్లాడుతోంది.

"దీపావళి ముంగట ఐదు దినాలు పోయిన గదా. నువ్వే రాసినవు జరమని. జరం గాదు. నా బిడ్డ కాన్పు. పిల్ల పుట్టంగనే పాయె. నేను మళ్లొచ్చినంక అందరు జరం తగ్గిందా చంద్రమ్మా అని అడిగిన్రు. తగ్గింది అన్న. ఏమంట మరి? కాగితం మీద గదే ఉండె."

పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఐదు నెలలుగా ఈమె పక్కన నిలబడి టీ తాగుతున్నాను. జ్వరం తగ్గిందా అని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. మూడు గంటలు బల్లిని చూసిన నా బిడ్డ, ఐదు నెలలు జ్వరాన్ని మోసిన ఈ మనిషి. ఇద్దరి బదులూ రాసినవాళ్లు బాగానే రాశారు, ఒక్క తప్పు లేకుండా.

"ఇప్పుడేమైంది?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నా బిడ్డ ఆ దినం సంది సరిగ మాట్లాడతలేదు. దవాఖానకు తోల్కపోవాలె."

చీటీ చింపేశాను. చంద్రమ్మ చెబుతుంటే కొత్తది రాశాను. పేజీ నిండి వెనక్కు కూడా వెళ్లింది. చదివి వినిపించాను. మొత్తం విని, "ఆఁ, గిది," అని వేలిముద్ర వేసింది. సెలవు చీటీకి ఇంత ఎందుకని ఆఫీసులో గొణిగారు గాని సెలవు ఇచ్చారు.

ఆదివారం మళ్లీ మసర్రత్ ఇంటికి వెళ్లాను. ఈసారి గొంతు పెంచలేదు. ముందు అల్ఫియాకు చెంపలేసుకుని చెప్పాను, తప్పంతా నాదేనని. తర్వాత అసలు సంగతి చెప్పాను.

"రేపు ప్రతి ప్రశ్న దానికి చదివి వినిపియ్యి. అది చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క ముక్క నీది కలపకు."

"తప్పు చెప్తే?"

"తప్పే రాయి."

"తప్పని నాకు తెలిసినా?"

"తెలిసినా."

ఆ పిల్ల ముఖం చూస్తే జాలేసింది. ఎప్పుడూ తప్పు రాయని చెయ్యి అది. నేను అడిగినది దానికి ఉపవాసం కంటే కష్టం. చివరికి తల ఊపింది. హెడ్మాస్టరు ఏమంటాడని మసర్రత్ అడిగితే, నా దగ్గరికి పంపమన్నాను.

సోమవారం పన్నెండున్నరకు బెల్లు కొట్టారు. పిల్లలంతా వచ్చేశారు. మనీషా రాలేదు. గేటు ముందు నేనూ, ఐస్ బండివాడూ మిగిలాం. పన్నెండూ ముప్పావు, ఒంటిగంట. లోపల ఏం జరుగుతోందో అని ఒకటే పరేషాన్. ఏమీ రాక ఏడుస్తోందా? మేడమ్ మళ్లీ నోరు మూయించిందా? అనవసరంగా ఈ పని పెట్టుకున్నాను, బంగారం లాంటి పాసును చేతులారా పోగొట్టాను అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒకటిన్నరకు లోపల బెల్లు మోగింది. ఐదు నెలలు తిరిగి తెచ్చిన గంట, చివరి నిమిషం దాకా ఖర్చయింది.

ఇద్దరూ బయటికొచ్చారు. మనీషా గొంతు బొంగురుపోయింది. నా సీసా లాక్కుని గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

అల్ఫియా మాత్రం నవ్వలేదు. నా కళ్లలోకి చూడటం లేదు.

"ఏమైంది బిడ్డా? తప్పులు రాయించిందా?"

"చాన రాయించింది ఆంటీ. ఒక్క సెంటెన్స్ గూడ సక్కగ లేదు. నా చెయ్యి గుంజుకుంట రాసిన." పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "మర్చిపోలేని రోజు గురించి డైరీ రాయమన్నరు. అది గూడ చెప్పింది చెప్పినట్టే రాసిన. మీరు రాయమన్నరని రాసిన. నిజమేనా ఆంటీ?"

"ఏది నిజమా?"

"ఐదో తరగతిల... మీరు చపాతీ కర్రతోటి..."

నా కళ్లు మనీషా చేతి మీదికి పోయాయి.

మనీషా కుడిచేతి చిటికెన వేలు వంగదు. ఐదో తరగతిలో, ఒక సాయంత్రం, ఒకే పదాన్ని పదకొండోసారి తప్పు రాసినప్పుడు చేతిలో ఉన్న చపాతీ కర్రతో కొట్టాను. వేలు బూరెలా వాచింది. దవాఖానలో డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, బడిలో జారుడుబండ మీది నుంచి పడిందని చెప్పాను. ఆయన చీటీ మీద అదే రాసుకున్నాడు. ఇంట్లో అదే చెప్పాను, చుట్టాలకు అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. మనీషా కూడా మరిచిపోయిందనే అనుకున్నాను. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ముందు కోపమే వచ్చింది, అబద్ధం చెప్పను. ఎవరో తెలియని దిద్దే మాస్టరుకు, ఊళ్లోని పిల్ల చేత రాయించి మరీ చెబుతుందా? ఆ మాటే అనబోయి మనీషా వైపు తిరిగాను. అది సీసా మూత బిగిస్తోంది, ఆ వేలు మాత్రం విడిగా నిలబడి ఉంది.

"గదెందుకు చెప్పినవే?" అన్నాను.

అది నన్ను తిట్టలేదు, భయపడలేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పింది.

"నాకొచ్చిన ఇంగ్లీషుల గదొక్కటే చెప్పొస్తది అమ్మా. మై మదర్ బీట్ మీ. షీ డోంట్ నో. ఐ డోంట్ నో. చిన్న చిన్న మాటలు." తర్వాత అంది, "ఆ దినం గూడ చెప్తుంటి. డాక్టర్ సారు నిన్నే అడిగిండు. నన్ను అడగలే."

అల్ఫియా తల దించుకుని వాళ్లమ్మ పంపిన ఆటో దగ్గరికి వెళ్లిపోయింది. ఐస్ బండివాడు కూడా బండి తోసుకుంటూ వెళ్లాడు. ఆ పేపరు ఏ ఊరికి పోతుందో, ఎవరు దిద్దుతారో, ఆ తప్పుల ఇంగ్లీషుకు ఎన్ని మార్కులు వేస్తారో, నా బిడ్డ పాసవుతుందో లేదో నాకు తెలియదు. గేటు ముందు నేనూ నా బిడ్డా మిగిలాం. దాని చెయ్యి పట్టుకుని ఆ వేలు నా అరచేతిలోకి తీసుకున్నాను. వంచి చూడటానికి ధైర్యం చాలలేదు.

"ఇంక నొస్తదా?" అని అడిగాను. ఐదేళ్లలో మొదటిసారి.

"చలికాలం నొస్తది," అంది మనీషా.